సారె వెళ్తుంది, రిపోర్టు వెళ్లదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక హైదరాబాద్ పేజీల్లో డయాగ్నొస్టిక్ సెంటర్ల 'ప్రెగ్నెన్సీ ప్యాకేజీ' ప్రకటనలు తరచూ చూస్తున్నాం. నెల తప్పిందని తెలియగానే చేయించుకోవాల్సిన పరీక్షలంటూ వాటిలో పెద్దక్షరాలతో కనిపించేది టార్చ్ ప్రొఫైల్. దానికోసం అప్పు చేసేవాళ్లూ ఉన్నారు. మరోపక్క అర్బన్ హెల్త్ సెంటర్లో పైసా ఖర్చు లేకుండా జరిగే హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షల ఫలితం కాన్పు గది దాకా చేరకుండా మధ్యలోనే ఆగిపోతోంది. గర్భిణికి సోకే జబ్బుల్లో మందుతోనో టీకాతోనో బిడ్డను నమ్మకంగా కాపాడగలిగేవి కొన్నే. వాటిలో ఒక్కోదానికి ఒక్కో గడువుంది: ఒకచోట 24 గంటలు, ఒకచోట 30 రోజులు, ఒకచోట 28వ వారం. ఈ ఉత్తరం ఆ గడువుల గురించి.

ముందు టార్చ్ సంగతి. టాక్సోప్లాస్మా, రూబెల్లా, సీఎంవీ అని పిలిచే సైటోమెగాలో వైరస్, హెర్పిస్ పేర్ల తొలి అక్షరాలు కలిపి 1970ల తొలినాళ్లలో అమెరికాలో ఆ మాట పుట్టించారు. పుట్టిన బిడ్డకు తల చిన్నదిగా ఉన్నా, కంట్లో శుక్లం ఉన్నా, కాలేయం ఉబ్బి కామెర్లు కనిపించినా ఏయే జబ్బులను అనుమానించాలో డాక్టరు గుర్తుపెట్టుకోవడానికి అది కొండగుర్తు. ఏ లక్షణమూ లేని గర్భిణికి గంపగుత్తగా చేసే రక్తపరీక్షగా మారింది ఆ తర్వాత. రిపోర్టులో ఒక్కో క్రిమికి రెండేసి వరుసలుంటాయి, ఐజీజీ, ఐజీఎం అని. క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీల్లో అవి రెండు రకాలు. ఐజీజీ ఉంటే ఎప్పుడో సోకి పోయిందని, ఐజీఎం ఉంటే ఇప్పుడే సోకిందని ఇంటిల్లిపాదీ చదివేసుకుంటారు. మొదటి మాట చాలావరకు నిజం. కొంప ముంచేది రెండోదే. టాక్సోప్లాస్మా ఐజీఎం ఏడాది దాటినా రక్తంలో ఉండిపోవచ్చు. సీఎంవీ మన దేశంలో పెళ్లీడు వచ్చేసరికే దాదాపు అందరికీ సోకి ఉంటుంది. ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్ కాస్త కదిలినా ఐజీఎం పలుకుతుంది. వేరే వైరస్ మీద పుట్టిన యాంటీబాడీలు, కీళ్లవాతంలో కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా కిట్‌ను తప్పుదారి పట్టిస్తాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. వెయ్యిమంది గర్భిణుల్లో ఇద్దరికి నిజంగా కొత్తగా ఇన్ఫెక్షన్ వచ్చిందనుకుందాం. కిట్ నూటికి ముగ్గురిని పొరపాటున పాజిటివ్ అంటుందనుకుందాం. అప్పుడు పాజిటివ్ రిపోర్టు పట్టుకుని బయటికొచ్చేది సుమారు 32 మంది, అందులో 30 మందికి ఏమీ లేదు. అంకెలు ఊహించుకున్నవే అయినా, అరుదైన జబ్బును అందరిలో వెతకబోతే ఎంత మంచి కిట్‌కైనా ఇదే గతి. ఆ 30 ఇళ్లలో మొదలయ్యేది నెలల తరబడి స్పైరామైసిన్ మాత్రలు, ఇంకో డాక్టరు, ఇంకో ల్యాబ్, ఏడుపులు. నిక్షేపంలాంటి గర్భాన్ని భయంతో తీయించుకున్న సందర్భాలూ ఉంటాయి. వరుసగా రెండు మూడు గర్భాలు నిలవనివాళ్లకూ ఇదే పరీక్ష రాస్తున్నారు. ఈ క్రిములు ఒకసారి గర్భాన్ని పోగొట్టినా మళ్లీ మళ్లీ పోగొట్టవు. రూబెల్లా ఒకసారి వచ్చిపోతే ఇక జీవితాంతం రక్షణే. అలాంటివారిలో చూడాల్సినవి క్రోమోజోములు, థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు.

టార్చ్ పరీక్షలు అసలే వద్దని మా మాట కాదు. గర్భిణికి జ్వరంతో ఒంటినిండా దద్దు లేచినా, స్కానింగ్‌లో బిడ్డ మెదడులో నీరు చేరినట్టో సున్నపు మచ్చలున్నట్టో కనిపించినా, ఎదుగుదల ఆగినా చేయాల్సిందే. అప్పుడు కూడా ఏ క్రిమి మీద అనుమానమో దానికొక్కదానికే. మొదటి నమూనా సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని) పారబోయకుండా డీప్ ఫ్రీజర్‌లో దాచమని ల్యాబ్‌కు చెప్పాలి. రెండు మూడు వారాల తర్వాత తీసిన రెండో నమూనాతో కలిపి ఒకే ల్యాబ్‌లో, ఒకే రోజు, ఒకే కిట్ మీద నడిపితేనే యాంటీబాడీలు పెరిగాయో లేదో తేలుతుంది. అమీర్‌పేట ల్యాబ్ ఇచ్చిన అంకెను మెహదీపట్నం ల్యాబ్ ఇచ్చిన అంకె పక్కన పెట్టి 'పెరిగింది' అనడానికి లేదు. టాక్సోప్లాస్మాకో సీఎంవీకో ఐజీఎం పాజిటివ్ వస్తే తర్వాత అడగాల్సిన పరీక్ష ఐజీజీ అవిడిటీ, అంటే ఆ యాంటీబాడీ క్రిమిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసేది. మొదటి మూడు నెలల్లో చేసిన పరీక్షలో అవిడిటీ ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ కడుపు పడకముందుదేనని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. తక్కువగా ఉన్నంత మాత్రాన కొత్తదని ముద్ర వేయకూడదు.

సీఎంవీలో అసలైన గడువు కాన్పు తర్వాత మొదలవుతుంది. బిడ్డకు కడుపులోనే సోకిందా లేదా అన్నది పుట్టిన 21 రోజుల్లోపు ఉమ్మి లేదా మూత్రం పీసీఆర్ చేస్తేనే తేలుతుంది. ఆ తర్వాత పాజిటివ్ వచ్చినా, తల్లిపాల నుంచి వచ్చిందో కడుపులోనే వచ్చిందో విడదీయలేం. మన ఇళ్లలో 21వ రోజు బారసాల చేస్తారు కదా, ఈ గడువు ముగిసేదీ ఆ రోజుకే. సీఎంవీ సోకిన బిడ్డకు చెవుడు రావొచ్చు. అయినా పుట్టగానే చేసే వినికిడి పరీక్షలో బిడ్డ పాస్ కాకపోతే 'నెల తర్వాత మళ్లీ చూద్దాం' అని పంపేస్తున్నారు. ఆ నెలలోనే ఈ గడువు దాటిపోతుంది. ఉమ్మి తీసేటప్పుడు పాలు తాగి గంటైనా కావాలి, లేకపోతే తల్లిపాలలోని వైరస్ పట్టుబడుతుంది. పాజిటివ్ వస్తే మూత్రంతో ఖరారు చేసుకోవాలి. లక్షణాలున్న బిడ్డకు వాల్‌గాన్‌సిక్లోవిర్ మొదటి నెలలోపు మొదలుపెట్టి 6 నెలలు ఇస్తారు.

రూబెల్లా గురించి రెండు ముక్కలు. 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన పిల్లల తల్లులకు గర్భంలో రూబెల్లా వచ్చిందని గమనించి రాసేదాకా గర్భిణికి వచ్చే వైరస్ బిడ్డ అవయవాలను దెబ్బతీస్తుందని ఎవరికీ తెలియదు. మొదటి 12 వారాల్లో సోకితే 90 శాతం దాకా బిడ్డలకు హాని జరగొచ్చు. దీనికి పరీక్ష చేయాల్సింది పెళ్లికి ముందో గర్భానికి ముందో. రక్షణ లేకపోతే టీకా వేయించుకుని నెల రోజులు ఆగాలి. తెలియక గర్భంలోనే టీకా పడినా గర్భం తీయించుకోవాల్సిన పని లేదు.

ఇక సిఫిలిస్. పాతకాలంలో సవాయి రోగం అనేవారు. ఇది ఇంకా ఉందా అని ఆశ్చర్యపోయేవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. ఉంది. చికిత్స లేకపోతే సగానికి పైగా గర్భాల్లో ఏదో ఒక నష్టం తప్పదు: కడుపులోనే బిడ్డ చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టాక కొన్ని రోజులకే పోవడం. చికిత్స ఏమిటో తెలిసి దశాబ్దాలైంది. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, కండలోకి లోతుగా, రెండు పిరుదులకు సగం సగం. జబ్బు కొత్తదని తెలిస్తే ఒక్కసారి చాలు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. గర్భిణికి ఒక డోసుకూ ఇంకో డోసుకూ మధ్య 9 రోజులు దాటితే మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టాలి. బిడ్డకు సరైన చికిత్స అందినట్టు లెక్కలోకి రావాలంటే కాన్పుకు కనీసం 30 రోజుల ముందు ఇంజెక్షన్ మొదలై ఉండాలి. తొమ్మిదో నెలలో తొలిసారి పరీక్ష చేస్తే ఈ గడువు అక్కడే చేజారుతుంది.

తప్పులు జరిగేచోట్లు కొన్నున్నాయి. మందు చిక్కటి తెల్లటి ద్రవం. సన్నసూది వాడితే మధ్యలో గడ్డకట్టి ఆగిపోతుంది, సగం మందు సిరంజిలోనే మిగులుతుంది. వయల్ బాగా కుదిపి, పెద్దసూదితో, నిదానంగా ఎక్కించాలి. రక్తనాళంలోకి పొరపాటున కూడా వెళ్లకూడదు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పెన్సిలిన్ అంటే పడదేమోనని భయపడి చాలా నర్సింగ్ హోమ్‌లు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ రాసి పంపేస్తాయి. అవి మాయను దాటి బిడ్డకు సరిగా చేరవు. తల్లి రిపోర్టు బాగుపడుతుంది, బిడ్డ జబ్బుతోనే పుడుతుంది. నిజంగా పెన్సిలిన్ పడనివారికి పెద్దాసుపత్రిలో చేర్చుకుని, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఒంటికి అలవాటు చేసి పెన్సిలినే ఇస్తారు. గర్భిణికి దానికి ప్రత్యామ్నాయం లేదు. ఇంజెక్షన్ పడిన మొదటి రోజు చలిజ్వరం రావచ్చు, అయిదో నెల దాటినవారికి నొప్పులు కూడా మొదలవ్వొచ్చు. అది అలర్జీ కాదు, చచ్చిన క్రిములకు ఒళ్లు చూపే ప్రతిస్పందన. ఆ రోజు దగ్గర్లో ఉండి చూసుకుంటే చాలు, మిగిలిన డోసులు ఆపకూడదు. భర్తకు కూడా అదే రోజు ఇంజెక్షన్ పడాలి, లేకపోతే ఆమెకు మళ్లీ అంటుకుంటుంది. ఈ ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడి మొత్తం చికిత్సను బూడిదలో పోస్తున్నారు.

ల్యాబ్ వాళ్లకు కూడా సిఫిలిస్ రక్తపరీక్షల గురించి ఒక మాట. ఆర్‌పీఆర్, వీడీఆర్‌ఎల్ పరీక్షల్లో యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే ఫలితం నెగటివ్‌గా కనిపిస్తుంది. దీన్ని ప్రోజోన్ అంటారు. కడుపులో బిడ్డ చనిపోయిన తల్లి రిపోర్టు నెగటివ్ వస్తే సీరాన్ని పలుచన చేసి మళ్లీ నడపండి. బిడ్డకు పరీక్ష చేసేటప్పుడు బొడ్డుతాడు రక్తం వద్దు, అందులో తల్లి రక్తం కలిసి ఉంటుంది. బిడ్డ నరం నుంచే తీయాలి. బిడ్డ అంకె తల్లి అంకెకు నాలుగింతలు ఉందంటే జబ్బు ఉన్నట్టే. వేలి మీద గుచ్చి హెచ్ఐవీతో కలిపి చేసే ర్యాపిడ్ కిట్ 15, 20 నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అయితే ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా అది జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది. గర్భిణికి పాజిటివ్ వస్తే, గతంలో పూర్తి చికిత్స జరిగినట్టు కాగితం లేకపోతే, ఆ రోజే మొదటి డోసు వేసి ఆర్‌పీఆర్‌తో తర్వాత లెక్క చూసుకోవచ్చు.

హెపటైటిస్-బి దగ్గర గడియారం గంటల్లో నడుస్తుంది. పెద్దవయసులో ఈ వైరస్ సోకితే నూటికి 95 మంది దాన్ని వదిలించుకుంటారు. పుట్టేటప్పుడు సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది ఉండిపోతుంది. ముప్పై నలభై ఏళ్ల తర్వాత కాలేయం గట్టిపడినప్పుడో, క్యాన్సర్ వచ్చినప్పుడో బయటపడుతుంది. బిడ్డకు ఎక్కువగా అంటుకునేది కాన్పు సమయంలోనే. అందుకని పుట్టిన 24 గంటల్లోపు ప్రతి బిడ్డకూ 0.5 మిల్లీలీటర్ల టీకా, తొడ ముందుభాగంలో బయటివైపున, కండలోకి. తల్లి పాజిటివ్ అయితే టీకాతో పాటు రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్), అదీ 12 గంటల్లోపు. రెండింటినీ ఒకే సిరంజిలోకి తీయకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ ఖరీదైనది, ప్రతి మెడికల్ షాపులో దొరకదు. అర్ధరాత్రి కాన్పయ్యాక తండ్రి బండి మీద నగరమంతా తిరిగే బదులు 36వ వారంలోనే తెప్పించి ఆసుపత్రి ఫ్రిజ్‌లో పెట్టించుకోవాలి.

తైవాన్ 1984లో ఈ టీకాను పసికందులకు మొదలుపెట్టింది. అప్పటికి తైపీ నగర పిల్లల్లో 9.8 శాతం మందికి వైరస్ ఉండేది. 1999 నాటికి అది 0.7 శాతానికి దిగింది. పిల్లల్లో కాలేయ క్యాన్సర్ కూడా తగ్గింది. మన దేశంలో జన్యు సాంకేతికతతో ఈ టీకాను తొలిసారి తయారుచేసి, ధర సామాన్యుడికి అందేలా దించింది 1997లో మన హైదరాబాద్‌కే చెందిన శాంతా బయోటెక్నిక్స్. అదే ఊళ్లో పుట్టిన బిడ్డకు అది మూడో రోజునో, ఆరో వారంలోనో పడుతోంది.

ఆలస్యానికి మూలం చాలాచోట్ల బీసీజీ, అంటే టీబీ టీకా. బీసీజీ పొడిని ద్రవంలో కలిపాక 4 గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాలి. అందుకని చిన్న నర్సింగ్ హోమ్‌లు వారంలో ఒకరోజును టీకాల రోజుగా పెట్టుకుంటాయి. హెపటైటిస్-బి కూడా దాంతో పాటే ఆ రోజుకు జరిగిపోతుంది. రెండోది పది డోసుల వయల్. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే తొమ్మిది డోసులు వృథా అనుకుంటారు. ఓపెన్ వయల్ పాలసీ ప్రకారం తెరిచిన హెపటైటిస్-బి వయల్‌ను 28 రోజుల దాకా వాడొచ్చు. తెరిచిన తేదీ, సమయం దానిమీద రాయాలి, గడువు తేదీ దాటకూడదు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, మూత నీళ్లలో మునగకూడదు, వయల్ మీది వీవీఎం గుర్తు (వేడి తగిలితే రంగు మారేది) చెడకూడదు. మూడోది ఫ్రిజ్ తాళం. శనివారం రాత్రి కాన్పయితే తాళం ఉన్న సిస్టర్ సోమవారం వస్తుంది.

ఫ్రిజ్ అంటే ఇంకో ముప్పు. ఈ టీకా వేడికి కంటే గడ్డకట్టడానికి ఎక్కువ భయపడుతుంది. నీళ్ల సీసాలు, ల్యాబ్ కిట్లు, సిబ్బంది టిఫిన్ డబ్బాలతో పాటు ఇంటి ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పలకకు ఆనించి పెట్టిన వయల్ గడ్డకట్టి మళ్లీ కరిగినా చూడటానికి మామూలుగానే ఉంటుంది. బలం మాత్రం పోయి ఉంటుంది. అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయాలి. అదే బ్యాచ్ వయల్ ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి కరిగించాలి. రెంటినీ కుదిపి పక్కపక్కన అరగంట ఉంచితే, గడ్డకట్టింది తొందరగా అడుగుకు తేరుకుంటుంది. అనుమానం ఉన్న వయల్ కూడా అంతే వేగంగా తేరుకుంటే పారేయాల్సిందే.

తల్లి రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ ఇచ్చినా కొందరు బిడ్డలకు సోకుతుంది. అందుకే వైరల్ లోడ్ పరీక్ష చేసి, 28వ వారానికల్లా టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి మొదలుపెడతారు. వైరల్ లోడ్ గానీ, హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరును తెలిపే రక్తపరీక్ష) గానీ చూసే వీలు లేనిచోట పాజిటివ్ గర్భిణులందరికీ ఆ మాత్ర ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. మాత్రను కాన్పు రోజునే తమంతట తాము ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే కొందరికి కాలేయం వాపు ఎగదన్నుతుంది.

28 వారాలంటే ఏడో నెల. మన ఇళ్లలో సీమంతం చేసి, గాజులు తొడిగి, తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపే వేళ కూడా అదే. హైదరాబాద్‌లో చూపించుకున్న అమ్మాయి నల్లగొండో, ఖమ్మమో, పాలమూరో వెళ్తుంది. చీర, సారె, పసుపు కుంకుమ వెంట వెళ్తాయి. రక్తపరీక్షల ఫైలు అత్తింటి బీరువాలో ఉండిపోతుంది. అక్కడ కొత్త డాక్టరు మళ్లీ రక్తం తీయిస్తారు, రిపోర్టు వచ్చేలోపు నొప్పులొస్తాయి. లేదా 'అన్నీ నార్మలే అన్నారండీ' అన్న అమ్మ మాట మీద ముందుకెళ్తారు. మాకు తెలిసినంతలో తప్పిపోయిన డోసుల్లో చాలావాటికి కారణం మందు లేకపోవడం కాదు, ఈ ప్రయాణం.

రిపోర్టును తల్లీబిడ్డ కార్డు అట్ట మీదే పెద్దక్షరాలతో రాసేస్తే సరిపోతుంది కదా అనొచ్చు. సరిపోదు. ఆ కార్డును అత్తగారు, తోడికోడలు, పక్కింటివాళ్లు అందరూ తిరగేస్తారు. హెచ్ఐవీ వివరం ఆమె అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషిద్ధం కూడా. చేయగలిగింది వేరే ఉంది. లోపలి పేజీలో పరీక్ష తేదీ, ఇంజెక్షన్ తేదీలు రాయడం. పాజిటివ్ అయిన తల్లికి ఆమె జబ్బు పేరు, బిడ్డకు ఏ గంటలోపు ఏం పడాలో ఒంటరిగా కూర్చోబెట్టి ఆమె నోటితో తిరిగి చెప్పించడం. ఊరు మారుతున్నట్టు చెబితే ఆమె అనుమతితో అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకోవడం. పది నిమిషాల పని.

హెచ్ఐవీలో ఈ ఏర్పాటు మిగతావాటికంటే గట్టిగా ఉంది. దశాబ్దాల కృషి అది. 1994లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధకులు హెచ్ఐవీ మందు జిడోవుడిన్ ఇచ్చి చూసినప్పుడు బిడ్డకు సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గింది. ఇప్పుడు తల్లికి జీవితాంతం మందులు, బిడ్డకు పుట్టగానే కనీసం 6 వారాల సిరప్, ఆరో వారంలో మడమ గుచ్చి కాగితం మీద ఎండబెట్టిన రక్తచుక్కలతో పరీక్ష. సమయానికి మొదలైతే సోకడం 5 శాతం లోపే. అదే తల్లి సిఫిలిస్, హెపటైటిస్-బి రిపోర్టుల వెంట మాత్రం ఇలా ఎవరూ పడరు. క్యూబా 2015లో, థాయిలాండ్ 2016లో, శ్రీలంక 2019లో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ రెండింటినీ నిర్మూలించినట్టు గుర్తింపు పొందాయి. హెచ్ఐవీ పరీక్షకు తీసిన అదే రక్తంతో, అదే రోజు సిఫిలిస్ పరీక్ష కూడా చేస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

మూత్రం కల్చర్‌ను (మూత్రంలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షను) ప్యాకేజీలో చేర్చేవాళ్లు తక్కువ. మంట, నొప్పి ఏమీ లేకుండానే కొందరు గర్భిణుల మూత్రంలో క్రిములుంటాయి. వదిలేస్తే వారిలో నూటికి 20, 30 మందికి మూత్రపిండాల దాకా పాకి చలిజ్వరం వస్తుంది, నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది. 12 నుంచి 16 వారాల మధ్య ఒకసారి కల్చర్ చేయించాలి. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు లేవని వదిలేయకూడదు. నమూనా తీయడమే ఇందులో గొడవ. నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యధారను స్టెరైల్ డబ్బాలో పట్టాలి. 2 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటికొచ్చి నమూనాలు తీసుకెళ్లే కుర్రాడి బండి డిక్కీలో మే నెల ఎండకు మూడు గంటలు తిరిగిన డబ్బాలో ఈ.కోలి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతూ ఉంటుంది. వెయ్యి ఉన్నచోట లక్ష దాటేస్తుంది. అవసరం లేని యాంటీబయాటిక్ అలా మొదలవుతుంది. నైట్రోఫ్యురాంటోయిన్ మంచి మందే గానీ కాన్పు దగ్గరపడ్డాక వాడితే బిడ్డ ఎర్రకణాలు విరిగే ప్రమాదం ఉంది. మందు అయ్యాక వారం పది రోజులకు మళ్లీ కల్చర్ చేసి పోయిందో లేదో చూడాలి.

కాన్పు గది శుభ్రత మీద మన దేశంలోనే జరిగిన పరిశోధనలు చెప్పుకోదగినవి. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 దాకా జరిపి, 2016లో ప్రచురించిన అధ్యయనంలో పసికందుల రక్తానికి పాకే ఇన్ఫెక్షన్, అంటే సెప్సిస్‌లో 62 శాతం పుట్టిన 72 గంటల్లోపే మొదలైంది. దొరికిన క్రిముల్లో ముందున్నవి అసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా. అవి ఎక్కువగా ఆసుపత్రుల్లో మసలే క్రిములు, చాలావరకు మందులకు లొంగనివి. మూడు రోజుల లోపు సెప్సిస్ అంటే తల్లి నుంచే అంటిందని పుస్తకాల్లో చదువుకున్నాం. ఇక్కడ మాత్రం అనుమానించాల్సింది మన చేతులను, సక్షన్ గొట్టాలను, వార్మర్ పరుపులను. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ డాక్టర్లను క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోమన్నందుకు ఆయన్నే తప్పుపట్టారు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగడానికి ఇప్పుడెవరికీ అభ్యంతరం లేదు, కాన్పు గది పంపులో నీళ్లు రావడమే తక్కువ.

2023లో వెలువడిన ఏ-ప్లస్ అధ్యయనంలో భారత్‌తో సహా 7 దేశాల్లో 29,278 మంది తల్లులు పాల్గొన్నారు. నొప్పుల సమయంలో 2 గ్రాముల అజిత్రోమైసిన్ ఒక్కసారి మింగిస్తే తల్లికి సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. బిడ్డల సెప్సిస్, మరణాలు మాత్రం తగ్గలేదు. ఇది చూసి చేతులు కడగడం మానేసి మాత్ర మింగించే అలవాటు వస్తుందేమోనని మా భయం. మాత్ర తల్లికే మేలు చేసింది, బిడ్డకు చేరే క్రిముల సంగతి చేతులతోనే తేలాలి.

తల్లిపాల మీద ఒక్క మాట, దీన్ని మాత్రం పత్రిక పెద్దక్షరాల్లో వేస్తే బాగుంటుంది. హెపటైటిస్-బి ఉన్న తల్లి పాలివ్వొచ్చు. బిడ్డకు టీకా పడేదాకా ఆగాల్సిన పనికూడా లేదు. హెచ్ఐవీ మందులు సరిగా వాడుతున్న తల్లి 6 నెలలు తన పాలే ఇవ్వాలి, డబ్బాపాలు కలిపి ఇవ్వడమే ఎక్కువ హాని. టీబీ ఉన్న తల్లి మాస్కు పెట్టుకుని పాలివ్వొచ్చు, బిడ్డకు నివారణ మందు పడుతుంది. 'జబ్బు తల్లి' అని బిడ్డను లాక్కుని సీసా నోట్లో పెట్టిన ఇళ్లలో ఆ తర్వాత నీళ్ల విరేచనాలు వస్తాయి.

ఆరోగ్యశాఖను మేం అడిగేవి చిన్నవే. కాన్పు రిజిస్టరులో 'జీరో డోసు (పుట్టగానే వేసే హెపటైటిస్-బి టీకా) ఇచ్చాం' అని టిక్కు పెట్టే గడి తీసేసి, ఎన్నింటికి పుట్టింది, ఎన్నింటికి టీకా పడింది అని రెండు గడులు పెట్టండి. ప్రైవేటు ఆసుపత్రులకూ అదే వర్తించాలి. 24 గంటలు దాటినవి ఎన్ని, వారంలో ఏ రోజున దాటాయి అని నెలకోసారి చూస్తే ఆదివారాల సంగతి దానంతటదే బయటపడుతుంది. టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఉన్న చిన్న ఫ్రిజ్ కాన్పు గదిలోనే ఉండాలి, తాళం రాత్రి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉండాలి. బెంజథీన్ పెన్సిలిన్, దాంతోపాటు అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ప్రతి అర్బన్ హెల్త్ సెంటర్లో ఉండాలి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ (పీఎంఎస్ఎంఏ) కింద ఉచితంగా గర్భిణులను చూసే రోజు ఎలాగూ ఉంది. 36వ వారం దగ్గరపడినవారి కార్డు ఆ రోజు తెరిచి హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి ఫలితాలు మూడూ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే అప్పటికప్పుడు వేలు గుచ్చండి. హెపటైటిస్-బి ఉన్న తల్లి బిడ్డకు 9 నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రూబెల్లా) టీకాకు వచ్చినప్పుడే, వైరస్ సోకిందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ, దాని యాంటీబాడీ పరీక్ష చేయండి. అంతకుముందు చేస్తే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ప్రభావం వల్ల ఫలితం గందరగోళంగా ఉంటుంది.

గర్భిణులకూ వారి ఇంటివాళ్లకూ: పుట్టింటికి బయల్దేరే రోజు హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి, మూత్రం కల్చర్ రిపోర్టులను ఫోనులో ఫొటో తీసుకోండి, అసలు కాగితాలు సారె పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టండి. కాన్పు గదిలోకి వెళ్లేముందు బిడ్డ తండ్రి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'బిడ్డకు హెపటైటిస్ టీకా ఎన్నింటికి వేస్తారు?' రేపు, ఎల్లుండి అని జవాబు వస్తే మళ్లీ అడగండి.

ఇట్లు,
ప్రసూతి, నవజాత శిశు, మైక్రోబయాలజీ విభాగాల్లో పనిచేసే కొందరం,
హైదరాబాద్